పంచకం పడ్డ ఇల్లు

రాజమణి చాటలో బియ్యం చెరుగుతూ ఉండగా కమలాదేవి ఆ మాట అన్నది. వంటింటి గడప మీద కూర్చుని, మెంతికూర తుంచుకుంటూ, కూర ధర చెప్పినంత మామూలుగా అన్నది. "రాజమణక్కా, దీపావళి లోపల నువ్వు ఎక్కడన్న ఇల్లు చూస్కోవాలె. ఆయన ఎనుక గదులల్ల ఎరువు బస్తాలు పెట్టిస్తడట." ఆ వెంటనే, ఊపిరి తీసుకోకుండానే, బియ్యంలో మట్టిపెడ్డలు జర మంచిగా చూడమని, నిన్న ఆయన పంటికి తగిలిందని కూడా అన్నది. రెండు మాటల్లో దేనికి ముందు జవాబు చెప్పాలో రాజమణికి తెలియలేదు. చేతిలో చాట మాత్రం ఆగలేదు. నూక ఒక పక్కకు, బియ్యం ఒక పక్కకు జరుగుతూనే ఉన్నాయి. చివరికి ఆమె ఒక మట్టిపెడ్డను ఏరి పారేసి, "సరే కమలమ్మా" అన్నది. ఆ 'సరే' ఏ మాటకు చెప్పిందో ఆమెకే స్పష్టంగా లేదు.

జనగామ స్టేషన్ రోడ్డులో కమలాదేవి భర్త దత్తాత్రేయ సేటుకు ధాన్యం, ఎరువుల టోకు దుకాణం ఉన్నది. దుకాణం వెనుక వీధిలో ఇల్లు. ఇంటి వెనుక, బావి దాటిన తరువాత, రేకులు కప్పిన రెండు గదులు. రాజమణి భర్త వెంకట్రాం ఆ దుకాణంలో గుమస్తాగా చేరింది అరవైతొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న సంవత్సరం. బందులతో బస్సులు ఎప్పుడు నడుస్తాయో తెలియని ఆ రోజుల్లో మొగుళ్లపల్లి నుంచి ఎడ్లబండి మీద ఒక మంచం, ఒక ఇనుప పెట్టె, పెళ్లికి పుట్టింటివారు పెట్టిన ఇత్తడి గంగాళం, ఒక ఇసుర్రాయి వేసుకొని ఆ దంపతులు ఇక్కడ దిగారు. తరువాత ఆమె పట్టుబట్టి కొనుక్కున్నది కుట్టుమిషను ఒక్కటే. పిల్లలు లేరు. గదులకు సేటు కిరాయి అడగలేదు. "దేవుడసొంటోడు సేటు, ఒక్కనాడన్న కిరాయి మాట ఎత్తిండా" అని వెంకట్రాం పోయేదాకా చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా రాజమణికి తన రెండు చేతులనూ ఎదురుగా పెట్టుకొని చూసుకోవాలనిపించేది. ఎండాకాలం పచ్చళ్లకు కారం దంచినవి ఆ చేతులే. ఆ ఇంటి ఆడపిల్ల రెండు కాన్పులకూ పురిటిబట్టలు ఉతికినవి అవే. పండుగలకు అరిసెల పిండి విసిరినవి, ఇంటిల్లిపాదికీ జాకెట్లు, లంగాలు కుట్టినవి, రెండేళ్లుగా మంచం పట్టిన సేటు తల్లి సత్తెమ్మను పొద్దునా సాయంత్రం తిప్పి పడుకోబెట్టినవి కూడా అవే. కాని చేతులు చేసే పనికి కిరాయి అని పేరు లేదు. దానికి కమలాదేవి పెట్టిన పేరు 'అక్క'. అక్కా అని పిలిచిన తరువాత జీతం మాట ఎట్లా వస్తుంది? వస్తే అది చుట్టరికానికే అవమానం కదా. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో కాని, బాగా ఆలోచించే కనిపెట్టి ఉంటారని రాజమణి అనుకునేది.

ఇల్లు చూసుకోవడం ఆమె అనుకున్నంత కష్టం కాదు. వేరే రకంగా కష్టం. ఖాళీ గదులు ఊళ్లో లేకపోలేదు. మహిళా మండలిలో కుట్టు నేర్పినందుకు వచ్చేదానితో, జాకెట్ల మీద వచ్చేదానితో ఒక గదికి కిరాయి కట్టగలదు కూడా. స్టేషన్ అవతల ఒక ఇంటివాళ్లు గది చూపించి, సున్నం కొత్తగా వేయించామని గొప్పగా చెప్పి, ఎందరుంటారని అడిగారు. ఒక్కదాన్నే అన్నది. మగదిక్కు ఎవరన్నారు. లేరన్నది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న గదికి హఠాత్తుగా ఒక మేనల్లుడు పుట్టుకొచ్చాడు. వచ్చే నెల అతనే దిగుతున్నాడట. ఇంకోచోట పొద్దున వాకిలి ఊడ్చే వేళ ఎదురుగా ఆమె ముఖం కనిపిస్తుందని, కొత్తగా కోడలు వచ్చిన ఇల్లని నసిగారు. వీవర్స్ కాలనీ దిక్కు ఒకామె మాత్రం దాచకుండా చెప్పింది. మంచి మనిషే, చాయ ఇచ్చింది, విసనకర్ర ఇచ్చింది, తరువాత అన్నది: "ఏమనుకోకు అవ్వా. వయసు మీదపడ్డోళ్లకు ఇల్లియ్యొద్దని మా ఆయన ఒట్టు పెట్టుకున్నడు. మనిషన్నంక ఎప్పుడో ఒకనాడు పోతరు. మంచి దినం పోతె ఫికరు లేదు. ఆ పంచకంల పోతె? ఆర్నెల్లు ఇల్లు మూసి మేం యాడికి పోవాలె?"

ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాలు. చంద్రుడు వాటి దిక్కున ఉన్న రోజుల్లో ఎవరైనా కన్నుమూస్తే ఆ ఇంటికి పంచకం పడ్డట్టు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఇల్లు విడిచి, తాళం వేసి, పంతులు చెప్పిన గడువు దాకా వేరేచోట ఉండాలి. లేకపోతే చావు వెంట చావు వస్తుంది. ఇది రాజమణికి తెలియని ఆచారం కాదు. కాని తన చావును ఒక అపరిచితురాలు, చాయ ఇస్తూనే, ఇంటికి రాబోయే ఖర్చుగా అంచనా వేయడం ఆమెకు మొదటిసారి ఎదురైంది. చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. గ్లాసు కడగనక్కరలేదని దారిలో గుర్తొచ్చింది. ఎవరింటికి వెళ్లినా ఏదో ఒకటి కడిగి రావడం తన చేతులకు ఎప్పుడు అలవాటైందో గుర్తు రాలేదు.

దీపావళి దగ్గర పడుతున్నకొద్దీ ఆమెకు నిద్ర తగ్గింది, మతిమరుపు పెరిగింది. పొయ్యి మీద అన్నం అడుగంటేది. కొలత తీసుకున్న జాకెట్టుకు చేతులు పొట్టిగా కత్తిరించేది. ఇల్లు దొరికేలోగా సామాను ఎక్కడన్నా పెట్టుకోవాలి. మనిషి ఎక్కడో ఒక మూల ముడుచుకోవచ్చు, మంచం ముడుచుకోదు. ఆమె మరిది జైపాల్ మొగుళ్లపల్లి నుంచి ఎరువుల కోసం దుకాణానికి వచ్చినప్పుడు గంగాళాన్ని అతని బండిలో పంపింది. ఇనుప పెట్టెను రైల్లో మానుకోటకు తీసుకుపోయి తమ్ముడు కొండల్ ఇంట్లో పెట్టింది. కుట్టుమిషను వీధి చివర రాధ అనే శిష్యురాలి వరండాలో ఉంచింది. ఒక్కొక్క వస్తువూ గది దాటుతుంటే గోడల మీద దాని ఆకారం తెల్లగా మిగిలిపోయేది. ఆ తెల్లటి చోట్లను చూస్తూ పడుకుంటే, తనను కూడా ఎవరో అట్లాగే కొంచెం కొంచెంగా ఎత్తుకుపోతున్నట్టు ఉండేది.

పెట్టిన వస్తువులు పెట్టినట్టు ఉండలేదు. మానుకోటలో తమ్ముడి భార్య పెట్టె మీద పరుపు పరిచి పిల్లవాణ్ణి పడుకోబెట్టింది; అది పరవాలేదు. తమ్ముడే, అన్నం తింటూ, "నువ్వు గూడ వచ్చెయ్యి అక్కా. దీనికి నెలలు నిండుతున్నయి, ఎవలో ఒకలు ఉండాలె గద. మంచమెందుకు, వంటింట్ల చాప ఏస్కుంటె అయిపాయె" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమలో తన చాప ఎక్కడ పరుచుకుంటుందో, తను ఎన్నింటికి లేస్తుందో, ఎవరి పిల్లలకు స్నానాలు పోస్తుందో అన్నీ అప్పటికే అమరి ఉన్నాయని రాజమణికి కనిపించింది. పరకాల మీదుగా మొగుళ్లపల్లి పోయి వచ్చినప్పుడు ఇంకోటి కనిపించింది. కొట్టంలో బర్రె ముందు తన గంగాళం. అంచు దాకా కుడితి. తోడికోడలు విమల ఏమాత్రం తడుముకోకుండా, "ఊకె ఉంటె చిలుం పడుతది గదక్కా, వాడుకంల ఉంటె మంచిదని పెట్టిన" అన్నది. తరువాత, కొట్టం పక్క గది చూపించి, ఇక్కడ ఉండొచ్చని, తనకు నడుము నొప్పి కాబట్టి పాలు పితకడానికి, పేడ తీయడానికి తోడుగా ఉంటుందని చెప్పింది. రాజమణి గంగాళం వైపే చూస్తూ తలాడించింది. వాడుకలో ఉంటేనే మంచిదని తన గురించి కూడా అందరూ అంతే అనుకుంటున్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆమె తనకు ఏం కావాలో మొదటిసారి తేటగా అనుకున్నది. లోపలి నుంచి గడియ పెట్టుకోగల తలుపు ఒకటి. దాని వెనుక తన వస్తువులన్నీ ఒక్కచోట. ఇంతకన్నా ఎక్కువ ఆమె అడగడం లేదు. ఇంత మాత్రం ఇచ్చేవాళ్లు లేరు.

సత్తెమ్మకు ఈ సంగతంతా తెలుసు. మంచం మీద ఉన్నా ఆమె చెవులు ఇల్లంతా తిరిగేవి. రాజమణి ఆమెను పక్కకు తిప్పి వీపు తుడుస్తుంటే, "నిన్ను ఎల్లగొడుతున్నరట గదనే" అన్నది ఒకరోజు. "మావోడు బస్తాలనన్న నీడకు పెడుతడు. నువ్వు పోతె నన్నెవలు తిప్పుతరు? గా కమలా? అది పెరుగన్నం కలిపెటప్పుడు గూడ ముక్కు మూస్కుంటది." రాజమణి నవ్వింది. కోడలి ఏర్పాటు వేరుగా ఉన్నదని చెప్పలేదు: గదులు ఖాళీ చేసి ఎక్కడున్నా సరే, అవ్వ ఉన్నన్ని రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి పని చేసి పొమ్మని కమలాదేవి అప్పటికే చెప్పింది. ముసలామె ఇంకా ఏదో అంటున్నది. "నేను గూడ మంచి దినం చూస్కొనే పోత తియ్యి. పంతులును పిలువు, ఏ గడియల పానం ఇడువాల్నో అడుగుదం." నవ్వుతూనే రాజమణి వేలు ఆమె మణికట్టు మీదికి పోయింది. నాడి సన్నగా, అప్పుడప్పుడు ఒక అడుగు మరిచిపోతూ నడుస్తున్నది. ఈమె బతికి ఉంటే దీపావళి గడువు ఇంకొన్నాళ్లు జరుపుతారేమో అన్న ఆలోచన మెరుపులా వచ్చింది. దాన్ని చూసి రాజమణి సిగ్గుపడింది. కాని ఆలోచన వెంటనే పోలేదు. ఇల్లు లేనివారి మనసు ఎంత ఇరుకవుతుందో ఆమెకు ఆ పూట అర్థమైంది.

నరక చతుర్దశికి ఇంకా పదిహేను రోజుల పైన ఉందనగా, మధ్యాహ్నం పూట, గంజి రెండు చెంచాలు మింగి, మూడోది వద్దన్నట్టు పెదవులు బిగించి సత్తెమ్మ పోయింది. రాజమణి చేతిలో చెంచా అట్లాగే ఉన్నది. ఏడుపు ముందుగా వచ్చింది ఆమెకే. దహనం అయిన తరువాత పంతులు పంచాంగం తిప్పి, శతభిషం అన్నాడు. పంచకంలో రెండోది. ఇంటివాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆరు నెలలు ఇల్లు మూయాలి, పన్నెండు రోజుల కర్మలు కాగానే బయటపడాలి, ఈ లోపల ఏదైనా శాంతి చేయిస్తే మంచిది అన్నాడు పంతులు. ఆయన గొంతులో క్రూరత్వం ఏమీ లేదు. వానాకాలం గురించి చెప్పినట్టే చెప్పాడు.

అప్పుడు జనగామలో ఇల్లు వెతికేవాళ్ల వరుసలో దత్తాత్రేయ సేటు నిలబడ్డాడు. పైసలున్నవాడు కాబట్టి వరుసలో ముందే నిలబడ్డాడు. అయినా పంచకం పడ్డ ఇంటి నుంచి లేచి వచ్చేవాళ్లకు వెంటనే గడప చూపించడానికి చాలామంది జంకారు. స్టేషన్ అవతలి సున్నం వేసిన గదిలోకి మళ్లీ మేనల్లుడు వచ్చాడు. కమలాదేవి వంటింటి గడప మీద కూర్చొని, ఈసారి చేతిలో ఏ కూరా లేకుండా, "ముఖం మీదనే లేదన్నరక్కా. ఎంత తలకాయ కొట్టేసినట్టయ్యిందో" అన్నది. రాజమణి సంతోషిస్తానేమోనని తన మనసులోకి తొంగి చూసుకున్నది. అక్కడ సంతోషం లేదు. అలసట ఉన్నది, కొంచెం జాలి ఉన్నది, తన గడువు మాటేమిటన్న పాత భయం ఉన్నది.

చివరికి దుకాణం మీద ఉన్న రెండు గదుల్లో సంసారం పెట్టుకోవడానికి వాళ్లు సిద్ధపడ్డారు. మనుషులు పడతారు, సామాను పట్టదు. ఇనుప బీరువాలు, చిన్నకూతురు పెళ్లికి కొనిపెట్టిన రాగి, ఇత్తడి, టేకు మంచాలు, పందిట్లో వేసే జంపఖానాలు. మూసిన ఇంట్లో అన్నీ వదిలిపెట్టి ఆరు నెలలు తాళం మీద నమ్మకం ఉంచడానికి సేటుకు ధైర్యం చాలలేదు. మళ్లీ పంతులును అడిగాడు. ఇంటి గోత్రం కాని మనిషి, రక్తసంబంధం లేని మనిషి కావలి ఉండవచ్చునని పంతులు కొంతసేపు ఆలోచించి చెప్పాడు. అవసరం గట్టిదైతే శాస్త్రం ఒక పక్కతలుపు తెరుస్తుందని రాజమణి అంతకుముందు కూడా గమనించింది.

పదమూడో రోజు సేటు స్వయంగా బావి దాటి ఆమె గదికి వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన అక్కడికి రావడం వెంకట్రాం పోయినప్పుడు ఒకసారి, ఇప్పుడు. గదిలో మంచం, ఇసుర్రాయి తప్ప ఇంకేమీ లేవు. ఆయన నిలబడే చెప్పాడు. బస్తాల సంగతి తరువాత చూద్దామన్నాడు. ఆరు నెలలు ఆమె ఇక్కడే ఉండవచ్చు, రాత్రిపూట ముందరి అరుగు మీద పడుకొని ఇల్లు కనిపెట్టుకుంటే చాలు, కిరాయి ఎప్పటిలాగే అక్కరలేదు. ఆపైన ధైర్యం కూడా చెప్పాలనుకున్నాడు కాబోలు. "మీరు భయపడేది ఏం లేదు. పంచకం అంటే ఎనుక ఉన్నోళ్లను తీస్కపోతదంటరు. మీకు ముందటెనక ఎవలున్నరు?"

ఆయన చెడ్డవాడు కాదు. ఓదార్పుగానే అన్నాడు. రాజమణి ఆ మాటను చాటలో వేసినట్టు వేసి మెల్లగా చెరిగింది. చావు వస్తుందని వాళ్లు నమ్ముతున్నారు. నమ్మి, ఆ చావు ముందు తనను కూర్చోబెడుతున్నారు. పోతే పోయే మనిషిగా లెక్కకట్టి కూర్చోబెడుతున్నారు. మరి తను నమ్ముతున్నదా? ఆ ప్రశ్నను ఆమె దాటవేయలేదు. భయం ఉన్నది. కాని భయం ఉండటం వేరు, భయపడిన సంగతి నిజం కావడం వేరు. వెంకట్రాంను వరంగల్ పెద్ద దవాఖానలో చేర్చినప్పుడు ఖాళీగా దొరికిన మంచం మీద ఆ పొద్దుననే ఎవరో పోయారు. వెంకట్రాం పోయాక, ఆమె ఇంకా గిన్నెలు సర్దుకుంటుండగానే, దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెట్టారు. ఆ వచ్చినతను లేచి నడిచి ఇంటికి పోయాడని తరువాత విన్నది. చంద్రుడు ప్రతి నెలా ఆ అయిదు నక్షత్రాల దారినే పోతాడు. ఆ దవాఖాన ఏ నెలా మూయలేదు. మనుషులు రోగంతో పోయారు, మందుతో లేచారు. మంచం ఏ నక్షత్రాన్నీ గుర్తుపెట్టుకోలేదు.

"నాకు ఎవలు లేరని ఉండ సేటూ" అన్నది. "నక్షత్రం మీద నాకు నమ్మకం లేదు, అందుకని ఉంట. కావలి మనిషిగ ఉండ, కిరాయిదారుగ ఉంట. ముందరి గది నాకియ్యుండ్రి. రోడ్డు మీద కిరాయి ఎంత నడుస్తున్నదో అంత ఇస్త. ఆర్నెల్లయినంక గూడ ఆ గది నాదే. ఎల్లమనేది ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి."

సేటు నవ్వబోయి ఆగాడు. కిరాయి ఇస్తానంటే కోపగించుకోవడం ఎట్లాగో ఏ వర్తకుడికీ తెలియదు. ఇంట్లో మనిషిలాగా ఉన్నారు, ఈ బేరం ఏమిటని మాత్రం అన్నాడు. ఇంట్లో మనిషిని ఎరువు బస్తాల కోసం ఎవరూ పొమ్మనరు కదా అని ఆమె నోటి దాకా వచ్చింది. అనలేదు. ఆయన తన బీరువాలను, కూతురి ఇత్తడిని, ఇంకో మనిషి దొరకని సంగతిని మనసులో తూచుకున్నాడు. అక్కడే తలూపాడు. మర్నాడు మండలి కార్యదర్శి ఎదుట కిరాయి చీటీ రాసి ఇచ్చాడు.

తరువాతి వారమంతా రాజమణి తన వస్తువులను ఒక్కొక్కటిగా పట్టపగలు వెనక్కి తెచ్చుకున్నది. రాధ వరండా నుంచి మిషను వచ్చింది. మానుకోట నుంచి పెట్టె వచ్చింది. తమ్ముడు ముఖం ముడుచుకొని రైలెక్కించాడు. గంగాళం కోసం మొగుళ్లపల్లి తానే పోయింది. విమల చూస్తుండగా కుడితి ఒలకబోసి, చింతపండుతో తోమి, ఒడిలో పెట్టుకొని బస్సులో కూర్చున్నది. ముందరి గదిలో మొదటి కొన్ని రోజులు చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది. పొద్దున లేవగానే తన నాడి తానే చూసుకునేది. అది బాగానే నడుస్తున్నదని తెలుసుకొని తనను చూసి తానే నవ్వుకునేది. భయం ఒక్కసారిగా పోలేదు. మిషను శబ్దం కింద మెల్లగా వినిపించకుండా పోయింది.

అట్లాంటి ఒక పొద్దున కమలాదేవి వచ్చింది. ఒక చేత చాట, ఒక చంకన బియ్యం మూట. వీధిలోనే, మెట్ల కింద ఆగిపోయింది. గడువు తీరేదాకా ఆ గడప ఆమె దాటకూడదు. కిటికీలోంచి మిషను ముందు కూర్చున్న మనిషి కనిపిస్తున్నది. ఆమె వెనుక గోడ పక్కన మంచం, మంచం కింద పెట్టె, మూలన మెరుస్తున్న గంగాళం.

"అక్కా" అని పిలిచింది కమలాదేవి. "పైన గదులల్ల జాగనే లేదు. జర గీ బియ్యం చెరిగి పెడితివంటే..."

రాజమణి చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. లేచి వచ్చి, ఇంటి తలుపు రెండు రెక్కలూ పూర్తిగా తెరిచింది.

"బియ్యం చెరుగుడు ఇంక నాతోని కాదు కమలమ్మా. చాయ పెడుత, లోపలికి రాండ్రి" అన్నది.